నెక్ బాగుంటే గిటార్ అమ్మొద్దు

ఈ ఏడాది డీఏ బకాయిలు కొంత చేతికొచ్చాయి. ఇంటి అవసరాలు పోను 40,000 రూపాయలు గిటార్ కోసం పక్కన పెట్టుకున్నాను. ఆ డబ్బుతో ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌నే బాగుచేయించుకోవాలా, అది అమ్మేసి కొత్తది కొనుక్కోవాలా అన్న ప్రశ్న కొన్ని నెలలపాటు నన్ను వదల్లేదు. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు మొదటినుంచీ కొత్తదే కొనమన్నాడు. "అక్కా, 14,000 పెట్టి కొన్న గిటార్‌కి మళ్లీ 15,000 పెట్టి పార్టులు వేయిస్తానంటావేంటి? ఆ లెక్క ఎక్కడైనా కుదురుతుందా?" అని వాడి వాదన. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. కానీ ఆ లెక్కలో గిటార్ ధర ఉందే తప్ప గిటార్ లేదు. నేను ఏమేం చూశానో, ఏం తేల్చుకున్నానో రాస్తున్నాను. మన చర్చిల్లో, కాలేజీ బ్యాండ్లలో వాయించే పిల్లలు చాలామంది ఇదే సందేహం అడుగుతుంటారు.

నాది స్ట్రాట్ తరహా గిటార్, అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ నమూనాలో చేసినది. 2013లో విజయవాడలో కొన్నాను. మేపుల్ నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి భాగం), దాని మీద రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డ్, 22 ఫ్రెట్స్ (అడ్డంగా ఉండే లోహపు మెట్లు), తీగల కంపనాన్ని కరెంటుగా మార్చే మూడు సింగిల్ కాయిల్ పికప్స్, వాటిలో ఏది మోగాలో ఎంచుకునే ఐదు స్థానాల స్విచ్. కాకినాడ జగన్నాథపురంలో మా చర్చి కొయర్‌లో వాయిస్తాను. శనివారం సాయంత్రం ప్రాక్టీసు, ఆదివారం ఆరాధన, డిసెంబర్ వచ్చిందంటే క్యారల్స్, సెమీ క్రిస్మస్ కార్యక్రమాలు. కీబోర్డు, ప్యాడ్స్, తబలా, బేస్, వాటి మధ్య నా గిటార్. పాట మధ్యలో శ్రుతి తప్పితే హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోతుంది.

ఇబ్బందులు ఒక్కొక్కటిగా పేరుకున్నాయి. తీగ లాగి వదిలాక మూడో తీగ శ్రుతి మారిపోయేది. మొదటి మూడు ఫ్రెట్స్ దగ్గర తీగలు జరజరలాడేవి. యాంప్ ఆన్ చేయగానే గుయ్‌మనే హమ్ మొదలయ్యేది. ఇంకోటి మాటల్లో చెప్పడం కష్టం: బ్యాండ్ అంతా వాయిస్తున్నప్పుడు నా సౌండ్ సన్నగా, చెవిని గీరుతున్నట్టు ఉండేది. ఇవన్నీ ఒకేసారి తలుచుకుంటే గిటార్ పని అయిపోయిందనే అనిపిస్తుంది. విడివిడిగా చూస్తే ఒక్కోదానికి కారణం ఒక్కో చోట దొరికింది.

అన్నిటికంటే ముందు నెక్ చూశాను. పికప్స్, కీస్ (శ్రుతి చేసే మరలు), బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు), స్విచ్, వైర్లు అన్నీ ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. నెక్ కూడా ఊడుతుంది, నిజమే. కానీ ఒక మంచి నెక్ తెప్పించి, ఈ బాడీకి కుదిరించి, ఫ్రెట్స్ సరిచేయించే ఖర్చు నా గిటార్ కొన్న ధరను దాటిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఇన్నేళ్లుగా నా ఎడమ చేతికి అలవాటైన భాగం అదొక్కటే. దాని వెనక మందం ఎంతో, ఐదో ఫ్రెట్ ఎక్కడుందో చూడకుండానే నా బొటనవేలికి తెలుసు.

మా పక్కింటి మామ్మగారు వీణ వాయిస్తారు. ఆమెది బొబ్బిలి ఏకాండి వీణ, ఒకే పనస దుంగను తొలిచి చేసినది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో అలా వీణలు చేసే కుటుంబాలున్నాయి. కుండ, దండి ఒకే చెక్క కాబట్టి అందులో దండి ఒక్కటే మార్చే వీలు లేదు. కానీ దాని 24 మెట్లూ మైనం మీద నిలబడి ఉంటాయి. పలుకు తేడా వచ్చినప్పుడు మైనం తీసి, మెట్లు మళ్లీ అమర్చి మేళం కట్టిస్తారు. నా గిటార్ గొడవ విని ఆమె అడిగిన మొదటి మాట, "మీ దానికి మెట్లు సరిచేసేవాళ్లు లేరా అమ్మా?" అని. ఉన్నారు. గిటార్‌లో ఏర్పాటు వేరు: ఫ్రెట్స్ చెక్కలోకి దిగి ఉంటాయి, నెక్ మాత్రం నాలుగు స్క్రూలతో బాడీకి బిగించి ఉంటుంది. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన లియో ఫెండర్, తర్వాత గిటార్లు చేసినప్పుడు ఈ పద్ధతే పెట్టుకున్నాడు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ కూడా అంతే. తయారీ సులువు, పాడైన భాగం విప్పి ఇంకోటి బిగించడం సులువు. ఆ నమూనా మీద వచ్చిన ఏ చవక గిటార్‌కైనా ఆ గుణం అలాగే వచ్చింది. బాగుచేయడానికి వీలుగా పుట్టిన వస్తువును బాగుచేయకుండా అమ్మేయడం నాకు మనస్కరించలేదు.

నెక్ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందు తీగలు మామూలు శ్రుతిలో పెట్టి, గిటార్‌ను తుపాకీ గురి చూసినట్టు బ్రిడ్జ్ వైపు నుంచి తల వైపు చూడాలి. రెండు అంచులూ ఒకేలా కనిపించాలి. ఒక అంచు పైకి వంగి రెండోది కిందికి వంగితే నెక్ మెలితిరిగినట్టు. తర్వాత ఆరో తీగను, అంటే అన్నిటికంటే లావుదాన్ని, మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీని కలిసే చోటా ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత సందు ఉందో చూడాలి. ఒక విజిటింగ్ కార్డు పట్టేంత, అంటే 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా ఉంటే చాలు. అదే పని మొదటి తీగ మీద కూడా చేయాలి. రెండు వైపులా సందు ఇంచుమించు ఒకేలా ఉండాలి. నా గిటార్‌లో ఎక్కువ ఉంది, కానీ రెండు వైపులా సమానంగా ఎక్కువ ఉంది. అలాంటి వంపును నెక్ లోపల పొడవునా ఉండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ సరిచేస్తుంది. మా ఊరి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. వానాకాలంలో చెక్క తేమ పీల్చుకుని ముందుకు వంగుతుంది, ఎండాకాలంలో కొంత వెనక్కి వస్తుంది. హైదరాబాద్‌లో మా తమ్ముడి గిటార్‌కు సమస్య వేరు: వేసవిలో చెక్క ఎండి కుంచించుకుపోయి, ఫ్రెట్స్ చివర్లు బయటికొచ్చి చేతికి గీసుకుంటాయి.

ట్రస్ రాడ్‌ను పావు చుట్టు చొప్పున బిగించాను, ప్రతిసారీ తీగలను మళ్లీ శ్రుతి చేసి చూసుకుంటూ. నెక్ మాట విన్నది. గిటార్ అమ్మకూడదని నేను నిర్ణయించుకున్నది ఆ సాయంత్రమే. రాడ్ చివరిదాకా బిగిసిపోయి ఉండి, ఇంకా వంపు మిగిలే ఉంటే నా నిర్ణయం వేరేగా ఉండేది.

ఇక ఫ్రెట్స్. రెండో మూడో ఫ్రెట్స్ మీద, సన్న తీగల కింద గుంటలు పడ్డాయి. మా కీర్తనల్లో స్వరాన్ని కదిలించి పలికించాల్సిన చోట్లు ఎక్కువ, అందుకని తీగను పక్కకు లాగి వాయిస్తాను. గుంటలో ఇరుక్కున్న తీగ సాఫీగా జరగదు, ఎగిరి దూకినట్టు వస్తుంది. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను కాబట్టి వెర్నియర్ అందుబాటులో ఉంది. అన్నిటికంటే అరిగిన చోట కూడా ఫ్రెట్ ఎత్తు 0.9 మిల్లీమీటర్లు తేలింది. అంటే ఫ్రెట్స్ మార్చక్కర్లేదు, అన్నీ ఒకే మట్టానికి రాసి, పైన గుండ్రంగా తీర్చిదిద్దితే సరిపోతుంది. ఈ రెండు పనుల ఖర్చులో చాలా తేడా ఉంది. మొత్తం ఫ్రెట్స్ మార్చాల్సి వస్తే చవక గిటార్‌కు ఆ ఖర్చు గిట్టదు.

ఆ పని నేను చేయలేను. సామర్లకోటలో రైలెక్కి విశాఖ వెళ్లి, గిటార్లు బాగుచేసే ఒకాయనకు ఇచ్చాను. ఆయన గిటార్ చేతిలోకి తీసుకుని ముందు ప్లగ్ కూడా పెట్టలేదు. మూడో తీగను నెమ్మదిగా శ్రుతి చేస్తూ నట్ దగ్గర, అంటే నెక్ తల వైపు తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ దగ్గర, చెవి పెట్టి విన్నారు. "మేడమ్, టిక్కుమంటోంది వినండి. మీ కీస్ మంచివే, నట్ పట్టేస్తోంది" అన్నారు. ఈ ఒక్క మాట కోసం వెళ్లినా వెళ్లొచ్చు అనిపించింది. శ్రుతి దిగిపోతోందంటే అందరూ ముందు కీస్ మార్చమంటారు. నిజానికి తీగ లాగినప్పుడు నట్ గాడిలో ముందుకు జరిగి, వదిలాక వెనక్కి రాకుండా అక్కడే ఇరుక్కుంటుంది. గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రాస్తే కొంత తగ్గుతుంది. నేను ప్లాస్టిక్ నట్ తీయించి ఎముకతో చేసిన నట్ వేయించాను, నేను వాడే 9–42 సెట్ తీగల మందానికి సరిపోయేలా గాడులు కోయించాను. ఫ్రెట్స్ రాయడం, నట్, మొత్తం సెటప్ కలిపి 4,500 అయింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 1.7 మిల్లీమీటర్లకు దిగింది. ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డ్స్ పట్టడానికి ఇప్పుడు సగం బలం చాలు. కొత్త కీస్‌కు పెట్టాలనుకున్న డబ్బు అలాగే మిగిలింది.

హమ్ గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే గిటార్లు అమ్మేయడానికి ఇదో పెద్ద కారణం. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన స్టీలు తీగ కంపిస్తే అయస్కాంత అభివాహం మారుతుంది, కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది, మా సెకండియర్ పిల్లల పాఠం. అయితే కాయిల్‌కు గిటార్ తీగ ఏదో, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ ఏదో తెలియదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, దాని అయస్కాంత క్షేత్రంలోని మార్పునూ పట్టుకుంటుంది. సింగిల్ కాయిల్‌లో ఇది పూర్తిగా పోదు. రెండు కాయిల్స్‌ను ఒకదానికొకటి వ్యతిరేక దిశలో చుట్టి ఈ హమ్‌ను రద్దు చేసే హంబకర్‌ను 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రూపొందించింది ఇందుకే. నా గిటార్‌లో కూడా మధ్య పికప్ తిరగేసి చుట్టినది కాబట్టి, స్విచ్ రెండో స్థానంలో, నాలుగో స్థానంలో ఉంటే హమ్ దాదాపు పోతుంది. ఈ పరీక్ష చేస్తే మీ గిటార్‌లోనూ తెలిసిపోతుంది.

హమ్ ఒకటి, జుయ్‌మనే బజ్ ఇంకోటి. తీగల మీద చేయి వేయగానే తగ్గేది బజ్. దానికి మందు ఉంది. బాడీలో పికప్స్, వైర్లు ఉండే గుంటల్లో రాగి టేపు అంటించి దాన్ని గ్రౌండ్‌కు కలపడం, పాత పాట్స్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి), కేబుల్ పెట్టే జాక్ మార్చడం. కొత్త 250కె పాట్స్, స్విచ్, జాక్, టేపు అన్నీ కలిపి 1,800 అయ్యాయి. సోల్డరింగ్ నేనే చేసుకున్నాను. వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడు వచ్చే గరగర పోయింది, బజ్ బాగా తగ్గింది.

ఇక్కడ గిటార్‌కు సంబంధం లేని ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన పాత ఇళ్లలో, మండపాల్లో ఎర్తింగ్ ఉండదు, ఉన్నా పని చేయదు. తీగల మీద చేయి ఉండగా పెదవి మైక్‌కు తగిలితే షాక్ కొడుతుంది. కొందరు హమ్ తగ్గుతుందని యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి, పిల్లలు చేస్తుంటే ఆపండి. తీగలు నేరుగా గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి, ప్రాణం మీదికొస్తుంది. మా చర్చిలో ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి స్టేజీ దగ్గర ఎర్తింగ్ కొత్తగా వేయించాం. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు రొద ఇంకా పెరుగుతుంది, అది గిటార్ తప్పు కాదు. కొత్త గిటార్ పట్టుకొచ్చినా అదే ప్లగ్‌లో పెట్టాలి కదా.

సన్నటి సౌండ్ సంగతి. చర్చిలో నా గిటార్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లోంచి నేరుగా మిక్సర్‌కు వెళ్తుంది. గిటార్ కోసం చేసిన స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పై శబ్దాలను బాగా తగ్గించేస్తుంది. హాలంతటికీ వినిపించే పీఏ స్పీకర్లు వాటిని పూర్తిగా వినిపిస్తాయి, అందుకే డిస్టార్షన్ వేస్తే చెవిని గీరినట్టు ఉంటుంది. ప్రాసెసర్‌లో గిటార్ స్పీకర్‌ను అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ ఆన్ చేసి, పై ఫ్రీక్వెన్సీలు కొంచెం కోసి, పికప్స్ ఎత్తు సరిచేశాక మా కీబోర్డు తమ్ముడు "అక్కా, గిటార్ మార్చారా?" అని అడిగాడు. పికప్స్ ఎత్తు మార్చడానికి పైసా ఖర్చు లేదు. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని, తీగకూ పికప్‌కూ మధ్య 2 మిల్లీమీటర్ల పైన సందు ఉండేలా చూసుకుంటే చాలు. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి, శ్రుతి సరిగా ఉన్నా అపస్వరంలా వినిపిస్తుంది.

పికప్స్ మార్చడం మాత్రం ఆపాను. ఆల్నికో అయస్కాంతాలున్న, పేరున్న పికప్స్ సెట్‌కు 10,000 నుంచి 12,000 చెప్పారు. వాటి తేడా ఉంటుంది, కాదనను. అయితే ఫ్రెట్స్, నట్ బాగయ్యాక నా గిటార్ అసలు గొంతు ఏమిటో ఇప్పుడే వినిపిస్తోంది. కొన్నాళ్లు విన్నాక ఏం లోటుందో తెలుస్తుంది, అప్పుడు కొనొచ్చు.

భాగాలు మార్చిన గిటార్ అంటే తక్కువ అనే భావన మనలో ఉంది. రాక్ గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ 50 డాలర్ల బాడీకి 80 డాలర్ల నెక్ బిగించి, పాత గిబ్సన్‌లోని హంబకర్ తెచ్చి పెట్టుకుని ఎలక్ట్రిక్ గిటార్ వాయించే తీరునే మార్చేశాడు. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ 1970లో కొన్న నల్ల స్ట్రాట్‌కు నెక్‌లు, పికప్స్, బ్రిడ్జ్ ఎన్నోసార్లు మారాయి. 2019 వేలంలో అది 39,75,000 డాలర్లకు పోయింది. మన గిటార్లకు ఆ ధర రాదు, ఆ సంగతి నాకు తెలుసు. నేను చెప్పేది వాళ్లు గిటార్‌ను తమకు కావలసినట్టు మార్చుకోవడానికి వెనకాడలేదని.

మా తమ్ముడి లెక్కకు జవాబు ఇదీ. నా గిటార్ అమ్మితే 6,000 వస్తుందన్నారు. నేను అడిగే నాణ్యత ఉన్న కొత్తది 45,000. అంటే చేతి నుంచి 39,000 పోవాలి, కొత్తదానికి కూడా మన తేమకు సెటప్ చేయించాలి. బాగుచేయడానికి నాకు అయింది 6,300, తీగల సెట్ 650 కలుపుకుంటే 6,950. వాడన్న మాటలో ఒకటి నూటికి నూరుపాళ్లు నిజం: గిటార్‌లో వేసిన పార్టుల డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. అందుకే అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లు పార్టులు వేయించకూడదు. వేయించినవాళ్లు పాతవి పారేయకూడదు, అమ్మేముందు పాతవి తిరిగి బిగించి, మంచివి తమ దగ్గర ఉంచుకోవచ్చు. మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఇంట్లోకి చిన్న గిటార్ యాంప్ ఒకటి తీసుకోబోతున్నాను, ఇంతకాలం లేనిది అదే.

మార్చాల్సిన సందర్భాలూ ఉంటాయి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు పాశ్చాత్య మాండలిన్‌లోని నాలుగు జంట తీగలు వదిలి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించారు. గమకం పలకాలంటే తీగ ఒంటిగా ఉండాలి, మంద్ర స్థాయికి ఇంకో తీగ కావాలి. ఆ అవసరం వాద్యం నిర్మాణంలోనే ఉంది. గిటార్‌లో కూడా అంతే. 25.5 అంగుళాల స్కేల్‌ను, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవును, నెక్ మార్చకుండా ఏ పార్టూ 24.75 చేయలేదు. ఏడో తీగ కావాలంటే ఏడు తీగల గిటారే కొనాలి.

మా కొయర్‌లో డిగ్రీ చదివే ఒక అబ్బాయి నా గిటార్ చూసి తనదీ బాగుచేయించుకుంటానన్నాడు. చూస్తే నెక్ మెలితిరిగి ఉంది: లావు తీగ వైపు వెనక్కి, సన్న తీగ వైపు ముందుకు. ట్రస్ రాడ్ పొడవునా ఉన్న వంపును తీస్తుంది, మెలికను తీయలేదు. అతను ఇంటర్నెట్‌లో చూసి పికప్స్ ఆర్డర్ పెట్టబోతుంటే ఆపాను. "బాబూ, ఈ నెక్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా, దీన్ని వదిలెయ్" అని చెప్పాను. కొనేటప్పుడు ముందు ప్లగ్ పెట్టొద్దని, అంచులు గురి చూడమని, ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్‌లోనూ మోగించమని, ట్రస్ రాడ్ రెండు వైపులా తిరుగుతుందో లేదో అమ్మేవాళ్లనే తిప్పి చూపించమనాలని, మూడో తీగను గట్టిగా లాగి వదిలి ట్యూనర్‌లో చూడమని చెప్పి పంపాను. అతను రాజమండ్రిలో ఒక సెకండ్ హ్యాండ్ గిటార్ 11,000కు తెచ్చుకున్నాడు. స్విచ్ పనిచేయదు, జాక్ వదులు, నట్‌కు ఒక గాడి లోతైపోయింది. నెక్ మాత్రం తిన్నగా ఉంది. వచ్చే శనివారం ప్రాక్టీసుకు ముందు స్విచ్, జాక్ నేను మార్చి ఇస్తానన్నాను. నట్ కోసం విశాఖ వెళ్లాలి.